ఒకటే లెక్క, నాలుగు తరాలు

దసరా సెలవులకి ముందు సంగతి. మా పాప బడి నుంచి వచ్చి సంచి మంచం మీద పడేసి, "అమ్మా, సోషల్ ప్రాజెక్టు ఇచ్చిన్రు. నిజాం కాలం నుంచి ఇప్పటిదాకా మన ఇంట్లోవాళ్ళు బడిలో ఏం చదువుకున్నరో అడిగి రాయాల్నంట" అంది. పాప ఎనిమిదో తరగతి. హైదరాబాదు రాష్ట్రంలో స్వాతంత్ర్య పోరాటం మీద వాళ్ళకి ఒక పాఠం ఉంది, దాని కోసమన్నమాట.

"కూర్చో, నా చదువు నేను చెప్తా" అన్నాను సంబరంగా.

"నీదేముందమ్మా, నువ్వు తెలుగు మీడియం కదా. నానమ్మని అడుగుత" అని లోపలికి పోయింది.

దాని మనసులో ఏమీ లేదు. పిల్లలు అలాగే అంటారు. కానీ చేతిలో ఉన్న చిక్కుడుకాయలు చేతిలోనే ఉండిపోయాయి. మీలో ఎంతమంది ఈ మాట విన్నారో నాకు తెలీదు. నేను మాత్రం మూడు నాలుగేళ్ళుగా ఏదో ఒక రూపంలో వింటూనే ఉన్నాను. దాని లెక్కల పుస్తకం నేను తెరవడం మానేసి కూడా చాలా రోజులైంది.

ఈసారి ఊరుకోబుద్ధి కాలేదు. ఆ ప్రాజెక్టు పేరు చెప్పుకుని మేమిద్దరం రెండు వారాలు మా ఇంటి చదువుల వెంట పడ్డాం. అదంతా ఇక్కడ రాసుకుంటున్నాను.

మాది అలియాబాద్. పాతబస్తీలో ఉన్నది కాదు. శామీర్‌పేట చెరువు దాటి రాజీవ్ రహదారి మీద కరీంనగర్ వైపు పోతుంటే అలియాబాద్ చౌరస్తా వస్తుంది చూడండి, అది. ఇప్పుడు పొద్దున్నే జీనోమ్ వ్యాలీ కంపెనీల బస్సులు వరసగా పోతుంటాయి గానీ, నేను కోడలుగా వచ్చిన కొత్తలో కూరగాయల బండ్లే ఎక్కువ. నిజాం కాలంలో ఇది అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా. అంటే పట్నం చుట్టుపక్కల అని అర్థం. ఇక్కడి ఆదాయం నేరుగా నిజాం సొంత ఖజానాకి పోయేది, వాటిని సర్ఫ్-ఎ-ఖాస్ భూములనేవాళ్ళు. తర్వాత హైదరాబాదు జిల్లా అయింది, 1978లో రంగారెడ్డి, 2016లో మేడ్చల్-మల్కాజిగిరి. ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లాలు మాత్రం నాలుగు చూసింది. మా ఇంటి చదువు కథ కూడా అచ్చం అలాంటిదే.

అత్తమ్మని అడిగితే ముందు నవ్వింది. "మీ తాత నాయిన సదివిండు, షషుం దాక. ఆయన కాగితాలు ట్రంకుపెట్టెల ఉన్నయ్ సూడుండ్రి" అంది.

షషుం అంటే ఏమిటో పాపకి అర్థం కాలేదు, నాకూ సగమే తెలుసు. అవ్వల్, దువ్వం, సువ్వం, చహారుం, పంజుం, షషుం, హఫ్తుం అని ఆ రోజుల్లో తరగతులకి ఫారసీ లెక్క. షషుం అంటే ఆరు. బళ్ళకి కూడా పేర్లు వేరే. చిన్న బడి తహతానియా, నడిమి బడి వస్తానియా, హైస్కూలు ఫౌకానియా. కింద, మధ్య, పైన అన్నమాట. ఇవాళ మనం ఆరు, ఏడు, ఎనిమిది అంటున్న చదువే ఆ వస్తానియా.

ట్రంకులో పాత పహాణీ కాగితాల కింద ఒక నోటుబుక్కు దొరికింది. అంచులు పొడి పొడిగా రాలిపోతున్నాయి. లోపలంతా ఉర్దూ. అంకెలు కూడా ఉర్దూవే. మా ఆయన నాలుగు పేజీలు తిప్పి పెట్టేశాడు. ఆయన తాత రాసిన పుస్తకం, ఇంట్లో ఒక్కరికీ ఒక్క ముక్క రాదు. మూడు తరాలు గడవకుండానే ఇంటి పుస్తకం ఇంటివాళ్ళకే పరాయిదైపోయింది.

మా వెనక గల్లీలో ఒక ఖాలా ఉంటుంది. డెబ్బై దాటాయి. పండగలకి మాకు సేమ్యా పంపుతుంది, మేము సద్దుల బతుకమ్మ నాడు సత్తుపిండి పంపుతాం. ఆమె బడికి పోలేదు, ఇంట్లోనే ఉర్దూ నేర్చుకుంది. నోటుబుక్కు తీసుకుని పోతే కళ్ళద్దాలు తుడుచుకుని ఎంతసేపో చూసింది. "ఏదో కవిత్వం అనుకున్న బేటీ, ఇవన్నీ హిసాబులే" అంది.

లెక్కలు! ఒక్కొక్కటే చదివి చెప్పింది. కూడికకి జమా, తీసివేతకి తఫ్రీక్, గుణకారానికి జర్బ్, భాగహారానికి తక్సీమ్. కొన్ని పేజీల తర్వాత ఒక వడ్డీ లెక్క. రెండువందల యాభై రూపాయలు అసలు, సూద్ నెలకి నూటికి ఒక రూపాయి, రెండు సంవత్సరాలకి ఎంత?

పాప ఎగిరి కూర్చుంది. "అమ్మా, ఇది మాకున్న లెక్కే! సింపుల్ ఇంట్రెస్ట్! ప్రిన్సిపల్, రేటు, టైము!"

అది కాగితం మీద ఫార్ములా రాసుకుంటుండగానే, మా వెనకాలే నిదానంగా వచ్చిన అత్తమ్మ గడప మీద కూర్చుని, "నూటికి రూపాయైతే రెండున్నర వందలకు నెలకు రెండున్నర. ఏడాదికి ముప్పై. రెండేండ్లకు అరవై గాదా?" అంది. పొదుపు సంఘంలో ఇరవై ఏళ్ళు లెక్క చూసిన మనిషి మరి.

నోటుబుక్కులో ఉన్న జవాబు కూడా అరవయ్యే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అదే లెక్క. తాత ఉర్దూలో చేశాడు, అత్తమ్మ నోటితో చేసింది, నేను తెలుగులో చేశాను, నా బిడ్డ ఇంగ్లిష్‌లో చేస్తోంది. మరి ఒకరి పుస్తకం ఇంకొకరికి ఎందుకు అర్థం కాకుండా పోతోంది? అక్కడి నుంచి నేను కొంచెం చదవడం మొదలుపెట్టాను. గ్రంథాలయంలో, ఫోనులో, పాప పాఠంలో, ఎక్కడ దొరికితే అక్కడ.

తాత కంటే ముందు కాలంలో ఊళ్ళలో వీధిబడులు ఉండేవి. ఇసుకలో ఓనమాలు దిద్దించడం, ఎక్కాలు వల్లె వేయించడం, శతక పద్యాలు, బాలరామాయణం, పెద్దబాలశిక్ష. సబ్జెక్టులని విడిగా ఏమీ ఉండేవి కావు. ఆడపిల్లలు ఉంటే ఏ పంతులుగారి ఇంట్లో పిల్లలో, ఏ దొరవారి పిల్లలో అయ్యుండాలి.

1880లలో నిజాం ప్రభుత్వం ఫారసీ స్థానంలో ఉర్దూని రాజభాష చేసింది. కచేరీ ఉర్దూలో ఉన్నాక బడీ ఉర్దూలోకి వచ్చింది. చిన్న తరగతుల్లో తెలుగు కొంత ఉన్నా, నడిమి బడికి పోయేసరికి ఉర్దూ రానివాడికి దారి లేదు. అక్కడ ఉర్దూ, ఇంగ్లిష్, హిసాబు, జుగ్రాఫియా అంటే భూగోళం, తారీఖ్ అంటే చరిత్ర. ముస్లిం పిల్లలకి మత పాఠాలు దీనియాత్, మిగతావాళ్ళకి నీతి పాఠాలు అఖ్లాఖియాత్. చూడండి, పేర్లు తీసేస్తే ఇవాళ మా పాప సంచిలో ఉన్నవాటికీ వీటికీ పెద్ద తేడా లేదు. రెండు భాషలు, లెక్కలు, భూగోళం, చరిత్ర.

ఇక్కడ ఉర్దూని తక్కువ చేసి మాట్లాడితే తప్పవుతుంది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో పుట్టింది. అప్పటికి దేశంలో పై చదువులంటే ఇంగ్లిష్‌లోనే. ఒక దేశభాషలో ఉన్నత చదువు చెప్పొచ్చని చేసి చూపించింది ఉస్మానియానే. దాని కోసం 1917లోనే దార్-ఉల్-తర్జుమా అని అనువాద విభాగం పెట్టి, సైన్సుకీ గణితానికీ చట్టానికీ ఉర్దూలో మాటలు తయారుచేశారు. చాలా గొప్ప పని. చిక్కల్లా ఏమిటంటే, తెలంగాణ పల్లెల్లో ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు. అమ్మ భాష ఒకటి, పుస్తకం భాష ఒకటి. మా ఇంట్లో తాత షషుం చదివిన రోజుల్లో ఆయన భార్యకి ఆ నోటుబుక్కులో ఏముందో ఎన్నడూ తెలిసి ఉండదు. 1951 జనాభా లెక్కల నాటికి హైదరాబాదు రాష్ట్రంలో చదవను రాయను వచ్చినవాళ్ళు నూటికి పదిమంది కూడా లేరు. అందులో ఆడవాళ్ళు ఎందరో మీరే ఊహించుకోండి.

దీని మీద తెలుగువాళ్ళు ఊరికే కూర్చోలేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టారు. 1921లో వివేకవర్ధని పాఠశాలలో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి ఆపేశారట. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఇదంతా పాప పాఠంలోనూ కొంత ఉంది. కానీ నాకు మనసుకి పట్టిన ముక్క ఇంకోటి.

1928లో మాడపాటి హనుమంతరావు గారూ ఆయన మిత్రులూ నారాయణగూడలో ఆడపిల్లలకి తెలుగు మీడియం హైస్కూలు పెట్టారు. ఇవాళ కూడా ఆయన పేరుతోనే ఉంది. బడి పెట్టారు సరే, పరీక్ష ఎవరు పెట్టాలి? నిజాం రాజ్యంలో పై పరీక్ష తెలుగులో రాయడానికి వీల్లేదు. అప్పుడు వాళ్ళు ఎక్కడో పూనాలో కర్వే గారు 1916లో ఆడవాళ్ళ కోసం పెట్టిన విశ్వవిద్యాలయాన్ని పట్టుకున్నారు. అక్కడ మాతృభాషలో చదువు చెప్తారు, ఇంగ్లిష్ ఒక సబ్జెక్టుగా ఉంటుంది, ఆరోగ్యం, గృహనిర్వహణ కూడా పాఠాలే. అలా మన హైదరాబాదు ఆడపిల్లలు తమ భాషలో పరీక్ష రాయడం కోసం మరాఠీ దేశంలోని విశ్వవిద్యాలయం పరీక్షలకి కూర్చున్నారు.

ఇది చదివినప్పుడు నాకు నారాయణగూడ చౌరస్తా గుర్తొచ్చింది. చీరలకోసం, పెళ్ళి కార్డుల కోసం ఎన్నిసార్లు ఆ దారిలో పోయానో! ఆ బడి ముందునుంచే పోయి ఉంటాను. దాని వెనక ఇంత కథ ఉందని ఎవరూ చెప్పలేదు.

ఇక అత్తమ్మ సంగతి. ఆమె పుట్టిల్లు మేడ్చల్ దిక్కు ఒక పల్లె. 1948 సెప్టెంబరులో నిజాం పాలన పోయింది, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. మెల్లగా బళ్ళన్నీ తెలుగులోకి మారాయి. ఉర్దూ చదివిన తరం ఒక్కసారిగా పాతబడిపోయింది. అత్తమ్మ బడికి పోయేసరికి తెలుగు వాచకం, లెక్కలు, సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం, ఆరులో హిందీ, ఇంగ్లిష్. "తెలుగే గాని మా ఇంట్ల తెలుగు గాదు బిడ్డా, పుస్తకం తెలుగు" అంటుంది ఆమె. గ్రాంథికం వాచకాలు. తకిలీతో నూలు వడకడం, ఆడపిల్లలకి కుట్టుపని కూడా ఉండేవట. "నూలు బాగ తీస్తుంటి. గదొక్కటే నాకు ఫస్టు" అని ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఏడు పాసైంది. ఎనిమిది ఊళ్ళో లేదు. హైస్కూలుకి రోడ్డు పట్టుకుని నడిచి పోవాలి. పెద్దమనిషి అయ్యే ఈడు. "ఏడు సాలన్నరు" అంది అత్తమ్మ. అంతే. ఆ రెండు మాటలకి మించి ఎప్పుడూ చెప్పదు.

ఆమె అక్క మాత్రం పట్నంలో మేనమామ ఇంట్లో ఉండి తొమ్మిది దాకా చదివింది. అప్పట్లో హైస్కూల్లో లెక్కలు రెండు రకాలు. కాంపోజిట్ మ్యాథ్స్, జనరల్ మ్యాథ్స్. కాంపోజిట్ గట్టి లెక్కలు, ఇంజనీరింగు వైపు పోయేవాళ్ళకి. జనరల్ తేలిక. ఆమెని ఎవరూ ఏదీ అడగలేదు, జనరల్‌లో కూర్చోబెట్టారు. ఆడపిల్లకి ఇంటి లెక్కలు వస్తే చాలన్నారు.

ఆడపిల్లకి ఏ చదువు కావాలన్న మాట మీద ఆ రోజుల్లోనే పెద్ద చర్చ జరిగిందని నాకు ఇప్పుడే తెలిసింది. 1952-53లో మొదలియార్ కమిషన్ హైస్కూలు చదువుని ఏడు దారులుగా చీల్చమంది, అందులో ఒకటి హోంసైన్సు. మామూలుగా ఆ దారిలో ఎవరిని తోస్తారో చెప్పక్కర్లేదు. 1958లో మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి అధ్యక్షతన ఆడవాళ్ళ చదువు మీద జాతీయ కమిటీ వేశారు. దుర్గాబాయి గారు చిన్నతనంలో ఇంగ్లిష్ మీడియం వద్దని బడి మానేసి, రాజమండ్రిలో ఆడవాళ్ళకి తానే హిందీ బడి నడిపిన మనిషి. తర్వాత ఎప్పుడో కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ ప్రైవేటుగా కట్టి, లా దాకా చదివారు. ఆ తర్వాత 1962లో హంసా మెహతా గారి కమిటీ. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటనలో 'పురుషులందరూ' అన్న చోట 'మనుషులందరూ' అని మార్పించింది ఈమే. మగపిల్లలకో పాఠం, ఆడపిల్లలకో పాఠం అక్కర్లేదని ఆ కమిటీ తేల్చింది. 1964-66 కొఠారి కమిషన్ కూడా మొదటి పదేళ్ళు సైన్సు, లెక్కలు అందరికీ తప్పనిసరి చేయమంది.

అంటే ఢిల్లీలో ఈ రాతకోతలు జరుగుతున్న రోజుల్లోనే, ఇక్కడ అత్తమ్మ ఏడుతో ఆగింది. ఆమె అక్క జనరల్‌లో కూర్చుంది. కాగితం మీద మాట పల్లెకి చేరడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. చేరింది మాత్రం నిజం. నేను, మా తమ్ముడు ఒకే లెక్కల పుస్తకం చదివాం. అది మాకు మామూలుగా వచ్చిందనుకున్నాను ఇన్నాళ్ళూ.

నా చదువు 1995లో ఆరో తరగతి. ఆరు సబ్జెక్టులు, ఆరువందల మార్కులు. తెలుగు, హిందీ, ఇంగ్లిష్, లెక్కలు, సైన్సు, సోషల్. మూడు భాషల పద్ధతి 1968 జాతీయ విద్యావిధానంతో గట్టిపడిందట. హిందీకి పాస్ మార్కులు ఇరవై, మిగతావాటికి ముప్పై ఐదు. మీ అందరికీ గుర్తుండే ఉంటుంది, "ఇరవై వస్తే చాల్లే" అని హిందీ పరీక్ష నాడు మాత్రం ఇంట్లో ఎవరూ తిట్టేవాళ్ళు కారు. ఏడులో పబ్లిక్ పరీక్ష, హాల్ టికెట్టు, కొత్త అట్ట, దేవుడి దగ్గర పెన్ను. ఎనిమిదికి వచ్చేసరికి సైన్సు రెండు ముక్కలయ్యేది, భౌతిక రసాయన శాస్త్రం ఒక సారు, జీవశాస్త్రం ఒక టీచరు.

నాకు ఆ మాటలంటే ఎంత ఇష్టమో! లవం, హారం. క.సా.గు., గ.సా.భా. లంబకోణ త్రిభుజం. కిరణజన్య సంయోగక్రియ. చివరిది ఊపిరి పీల్చుకోకుండా ఐదుసార్లు చెప్పమని పందెం వేసుకునేవాళ్ళం. అర్థం కూడా మాటలోనే ఉంది, వెలుతురు కిరణం వల్ల పుట్టే కలయిక. ఉర్దూ కోసం దార్-ఉల్-తర్జుమా చేసినట్టే, కాలేజీ చదువులకి తెలుగు పుస్తకాలు, పారిభాషిక పదాలు తయారుచేయడానికి 1968లో తెలుగు అకాడమీ పెట్టారు. అదే ఊరు, యాభై ఏళ్ళ తేడాతో అదే పని రెండోసారి.

పదిలో నాకు 462 వచ్చాయి. సైన్సులో 84. డాక్టరు చదువు కాకపోయినా నర్సింగైనా చదువుతానని అందరూ అనుకున్నారు. ఇంటర్ బైపీసీలో చేరాను, ఇంగ్లిష్ మీడియం. మొదటి రోజు క్లాసులో ఫోటోసింథసిస్ అని బోర్డు మీద రాస్తే, అది నాకు తెలిసిన పాఠమేనని నాకు తెలియలేదు. వెలాసిటీ అంటే వేగమని, డినామినేటర్ అంటే హారమని చెప్పేవాళ్ళు లేరు. అడిగితే నవ్వుతారని భయం. మొదటి సంవత్సరం ఫిజిక్స్ పోయింది. రెండోసారి కట్టాను, మళ్ళీ పోయింది. ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెట్టారు.

ఇన్నేళ్ళూ నాకు చదువు అబ్బలేదనే అనుకున్నాను. ఎవరైనా అడిగితే నేనే ముందు "నాకు సైన్సు రాదండీ" అనేదాన్ని. ట్రంకుపెట్టెలో నోటుబుక్కు చూశాకే ఇంకో సంగతి తట్టింది. వంద ఏళ్ళలో ఈ నేల మీద పుస్తకం భాష ఉర్దూ అయింది, తెలుగు అయింది, ఇంగ్లిష్ అయింది. పాఠాలు చాలావరకు అవే. మారిన ప్రతిసారీ ముందటి తరం చేతిలోని తాళంచెవి కొత్త తాళానికి పట్టలేదు. తాత చదివింది ఆయన కొడుక్కి పనికి రాలేదు. నేను చదివింది ఇంటర్ మెట్టు దగ్గరే పనికి రాకుండా పోయింది. తప్పంతా నా బుర్రది కాదు.

అలాగని ఇంగ్లిష్ వద్దనే ధైర్యం నాకు లేదు. నేను పడింది నా బిడ్డ పడకూడదనే మొదట ప్రైవేటు బడిలో వేశాం. కరోనా తర్వాత ఫీజులు కట్టలేక ఆరో తరగతికి సర్కారు బడికి మార్చాం. అది 2022. సరిగ్గా ఆ ఏడాదే తెలంగాణ సర్కారు బళ్ళల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. దాంతోపాటు ఒక మంచి పని కూడా జరిగింది. లెక్కలు, సైన్సు, సోషల్ పుస్తకాలు రెండు భాషల్లో వేశారు. ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ అదే పాఠం తెలుగు.

ఆ పుస్తకాలు రెండేళ్ళుగా మా ఇంట్లోనే ఉన్నాయి. అట్టలు వేసింది నేనే. కానీ తెరిచి చదవలేదు. "నీకు తెల్వదులే అమ్మా" అన్న మాట ఒకటి అడ్డం ఉండింది, "నాకు రాదు" అన్న నా మాట ఇంకోటి.

ఈ ప్రాజెక్టు పేరుతో తెరిచాను. కొత్త పుస్తకాలు మా పుస్తకాల్లా లేవు. పాఠం మధ్యలో "మీ ఊళ్ళో అడిగి తెలుసుకోండి", "మీ తరగతిలో చర్చించండి" అని ఉంటుంది. 2005 జాతీయ ప్రణాళిక, దాని వెనక 2011లో మన రాష్ట్ర ప్రణాళిక వచ్చాక, 2012 నుంచి వరసగా పుస్తకాలు ఇలా మార్చారట. ఏడో తరగతి పబ్లిక్ భయం విద్యాహక్కు చట్టంతో పోయింది. మా రోజుల్లో నిజాం రాజ్యం గురించి సోషల్‌లో ఒకటి రెండు పేజీలు చదివిన గుర్తు. 2014లో తెలంగాణ వచ్చాక మన ప్రాంతం చరిత్ర పాఠంలోకి బాగా వచ్చింది. 2018లో చట్టం చేసి, ఏ బోర్డు బడి అయినా పది దాకా తెలుగు ఒక సబ్జెక్టుగా చెప్పాలన్నారు.

జీవశాస్త్రంలో సూక్ష్మజీవుల పాఠం ఉంది, అందులో టీకాల సంగతి. ఎదుటి పేజీ తెలుగు నేను చదువుతుంటే, ఇంగ్లిష్ పేజీ పాప చదివింది. "అమ్మా, కోవాక్సిన్ మన తుర్కపల్లి దిక్కే కదా తయారైంది" అంది. ఔను, మా చౌరస్తా దాటి పోతే జీనోమ్ వ్యాలీ, అక్కడి భారత్ బయోటెక్‌లోనే. పొద్దున్నే పోయే ఆ బస్సులు ఎక్కే ఆడపిల్లలు ఈ పాఠం చదివే అక్కడికి చేరారు కదా అనుకున్నాను. నా ఎనిమిదో తరగతి జీవశాస్త్రం టీచరు కూడా గుర్తొచ్చింది.

ప్రాజెక్టు చివర్లో పాప ఒక పట్టిక గీసింది. నాలుగు గడులు, నలుగురు మనుషులు. పై వరసలో వడ్డీ లెక్క మాటలు. తాత గడిలో అసల్, సూద్. నానమ్మ గడిలో అసలు, మిత్తి. నా గడిలో అసలు, వడ్డీ. తన గడిలో ప్రిన్సిపల్, ఇంట్రెస్ట్. రాస్తూ రాస్తూ ఆగి, "అసలు అనే మాట మూడింట్లో ఉంది చూడు" అంది.

ఖాలా దగ్గరికి పోయి అడిగితే చెప్పింది, అది ఉర్దూ నుంచి వచ్చిన మాటేనని. అప్పుడు మేమంతా కూర్చుని లెక్కపెట్టాం. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, తారీఖు, కాగితం, కలం. బడిలో రోజూ వేసే హాజరు కూడా! తాత నోటుబుక్కు చదవలేం గానీ, అందులోని మాటలు మనం రోజూ పాలవాడితో, కిరాణా కొట్టులో, పొదుపు సంఘంలో మాట్లాడుతూనే ఉన్నాం. పుస్తకంలో మారినవి నోట్లో నిలబడ్డాయి. నిలబెట్టింది ఎవరంటే, ఆ పుస్తకం ఎన్నడూ చదవని ఆడవాళ్ళే ఎక్కువ.

టీచరు ఆ పట్టికని క్లాసులో గోడకి అంటించారట. మార్కులు ఎన్నో పాప చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు రోజూ రాత్రి అన్నాలయ్యాక ఒక అరగంట కూర్చుంటున్నాం. నేను తెలుగు పేజీ, అది ఇంగ్లిష్ పేజీ. నా కోసం ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాను, రెండు మాటలూ పక్కపక్కన రాసుకోవడానికి. వేగం వెలాసిటీ, హారం డినామినేటర్. ఇంటర్‌లో ఎవరైనా ఇలాంటిది ఒకటి నా చేతిలో పెట్టి ఉంటే బాగుండేది. ఇప్పుడైనా సరే.

మీ ఇంట్లో కూడా ఏ ట్రంకులోనో అటక మీదో పాత నోటుబుక్కు ఉండొచ్చు. లేదంటే ఏడుతో ఆగిపోయిన అత్తమ్మో అమ్మో ఉండే ఉంటారు. వాళ్ళు ఏం చదివారో ఒకసారి అడిగి చూడండి. మన పిల్లల పుస్తకం కూడా ఒకసారి తెరవండి. అందులో మనకి తెలిసింది మనం అనుకున్న దానికంటే ఎక్కువే ఉంటుంది.

మొన్న రాత్రి పాప భిన్నాల లెక్క చేస్తూ చేస్తూ తల ఎత్తకుండానే, "అమ్మా, లవం పైన ఉంటదా కింద ఉంటదా?" అని అడిగింది.

"పైన" అన్నాను.